మంచం దిగిన అవ్వ

అవ్వకు 68 ఏళ్ళు. నిన్నమొన్నటి దాకా ఆమె చెయ్యి ఊరికే ఉన్న రోజు లేదు. నాట్లు వేసింది. కలుపు తీసింది. ఇద్దరు మనవళ్ళను చంకన వేసుకుని పెంచింది.

సంక్రాంతి ముందు ఆమెకు ఆయాసం మొదలైంది. మొదట బిందె ఎత్తితే ఆయాసం వచ్చేది. తరువాత నాలుగు అడుగులు వేసినా వచ్చేది. చివరికి పడుకుంటే ఊపిరి అందలేదు. రాత్రిళ్ళు లేచి గోడకు ఆనుకుని తెల్లవార్లూ కూర్చునేది. రెండు కాళ్ళూ వాచాయి. కాళ్ళ కడియాలు బిగుసుకుపోయాయి.

కొడుకు ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ తొమ్మిది రోజులు ఉంచారు. సూదులు వేశారు. ఒంట్లో చేరిన నీరు తీసేశారు. వాపు దిగింది. ఊపిరి ఆడింది. ఇంటికి పంపేటప్పుడు కాగితం మీద జబ్బు పేరు రాశారు. హార్ట్ ఫెయిల్యూర్.

ఆ మాట ఇంటిల్లిపాదినీ భయపెట్టింది. "గుండె ఫెయిలయిందంట" అని వీధి వీధంతా పాకింది. పరీక్ష ఫెయిలయితే మళ్ళీ రాసుకోవచ్చు. గుండె ఫెయిలయితే ఇంకేముంది అనుకున్నారు.

ఆ రోజు నుంచి అవ్వ మంచం దిగలేదు. దిగలేదు అనడం కంటే దిగనివ్వలేదు అనడం సరి. "అత్తా, నువ్వు లేవబాక. ఏం కావాలన్నా నన్ను పిలువు" అంది కోడలు. కూడూ నీళ్ళూ మంచం దగ్గరికే వచ్చాయి. మనవళ్ళు కాళ్ళు పట్టారు. ఆమె కాలు కింద పెడితే చాలు, కొడుకు కేకలేసేవాడు. అందరూ ప్రేమతోనే చేశారు. అందులో తప్పు పట్టడానికి లేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అవ్వ నీళ్ళు తాగుదామని లేచింది. మోకాళ్ళు వణికాయి. రెండో అడుగులోనే కూలబడింది.

గుండె ఇంకా పాడైంది కాబోలు అని అందరూ హడలిపోయారు. ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. డాక్టరమ్మ అవ్వ గుండె విన్నది. బి.పి. చూసింది. కాలి మీద వేలితో నొక్కి చూసింది. తరువాత అవ్వ తొడను చేత్తో పట్టుకుని చూసింది.

"గుండె ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఇప్పుడు పాడైంది కాళ్ళు. ఎన్నాళ్ళుగా పడుకోబెట్టారు ఈమెను?" అని అడిగింది.

కోడలికి నోట మాట రాలేదు.

గుండె ఫెయిలవడం అంటే ఏమిటి?

ఎవరి గుండె వారి పిడికిలంత ఉంటుంది. రెండు రొమ్ముల నడుమ, కొంచెం ఎడమ పక్కకు ఉంటుంది. అది కండతో చేసిన మోటారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి దాదాపు 70 సార్లు కొట్టుకుంటుంది. రోజు మొత్తం మీద లక్ష సార్లు. ఒక్కో నిమిషంలో సుమారు 5 లీటర్ల నెత్తురును తోస్తుంది. అంటే అంగట్లో దొరికే పెద్ద నూనె డబ్బాడు. నడిచినప్పుడు, బరువు ఎత్తినప్పుడు ఇంకా ఎక్కువ తోస్తుంది.

గుండె ఫెయిలవడం అంటే గుండె ఆగిపోవడం కాదు. ఒంటికి కావలసినంత నెత్తురును అది తోయలేకపోతోందని అర్థం. గుండె బలహీనత అంటే ఇంకా బాగా తెలుస్తుంది. గుండెపోటు వేరు. గుండెపోటులో గుండెకు నెత్తురు తెచ్చే గొట్టం హఠాత్తుగా మూసుకుపోతుంది. గుండె బలహీనత నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఉండే జబ్బు. అయితే గుండెపోటు వచ్చి తగ్గినవారికి తరువాత ఈ బలహీనత రావచ్చు.

ఇది రెండు రకాలుగా వస్తుంది. పొలంలో మోటారుకు కరెంటు చాలకపోతే నీళ్ళు సన్నగా పడతాయి. కొందరి గుండె అట్లా అవుతుంది. కండ సాగిపోయి, తోసే బలం తగ్గుతుంది. ఇంకొందరి గుండె వేరుగా ఉంటుంది. కమ్మరి కొలిమి దగ్గర తోలుతిత్తి చూసే ఉంటారు. తోలు మెత్తగా ఉంటే తిత్తి బాగా తెరుచుకుని గాలి నిండుతుంది. తోలు బిరుసెక్కితే సరిగ్గా తెరుచుకోదు. గాలి నిండదు. నిండనిది ఎంత నొక్కితే మాత్రం ఏం లాభం? వీరి గుండె గోడలు అట్లా బిరుసెక్కుతాయి. తోసే బలం ఉంటుంది. నిండడమే తక్కువ. వయసు మళ్ళిన ఆడవాళ్ళలో ఈ రెండో రకం ఎక్కువగా కనబడుతుంది. ఏళ్ళ తరబడి బి.పి. ఉండి, మందులు వాడకపోవడం దీనికి ఒక పెద్ద కారణం.

బి.పి. ఒక్కటే కాదు. గుండెపోటు, చక్కెర జబ్బు, చిన్నప్పుడు కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండె తలుపులు చెడిపోవడం, సారాయి కూడా కారణాలే. కొందరు ఆడవాళ్ళకు కాన్పు సమయంలోనే గుండె బలహీనపడుతుంది. నెత్తురు తక్కువగా ఉంటే ఉన్న జబ్బు ముదురుతుంది.

గుండె సరిగ్గా తోయకపోతే నెత్తురు వెనక్కి నిలుస్తుంది. కాలువ ముందు పూడితే వెనక మడి నిండినట్టు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆయాసం, దగ్గు. కాళ్ళలో చేరితే వాపు. అవ్వ రాత్రిళ్ళు గోడకు ఆనుకుని కూర్చున్నది ఇందుకే. పడుకుంటే కాళ్ళలోని నీరు పైకి మళ్ళుతుంది. ఊపిరితిత్తుల మీద భారం పెరుగుతుంది.

2013లో కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 18 ఆసుపత్రులు కలిసి ఒక లెక్క తీశాయి. ఈ జబ్బుతో చేరిన 1,205 మంది వివరాలు రాశారు. వారి సగటు వయసు 61 ఏళ్ళు. అమెరికా వంటి దేశాలలో ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరేవారి సగటు వయసు 70 దాటి ఉంటుంది. మన దేశంలో పదేళ్ళు ముందే వస్తోందన్నమాట. ఆ 1,205 మందిలో ఆడవాళ్ళు పదిమందికి ముగ్గురే. ఆడవాళ్ళకు ఈ జబ్బు తక్కువగా వస్తుందా? లేక ఆయాసం వచ్చిన ఆడమనిషిని ఆసుపత్రి దాకా తీసుకుపోయేవారు తక్కువా? ఈ ప్రశ్న ఎవరి ఇంట్లో వారు వేసుకోవచ్చు.

మంచం చేసే నష్టం

"గుండె జబ్బు మనిషిని కదిలించకూడదు" అనేది ఊళ్ళోవాళ్ళ మాట మాత్రమే కాదు. ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లు కూడా అదే చెప్పేవారు. గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం మీదే ఉంచేవారు. సొంతంగా పక్కకు తిరగడానికి కూడా ఒప్పుకునేవారు కాదు. అట్లా పడుకున్నవారి కాళ్ళలో నెత్తురు గడ్డ కట్టేది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోయి ప్రాణం తీసేది.

అమెరికాలో బోస్టన్ నగరంలో లెవైన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ పద్ధతిని కాదన్నారు. గుండెపోటు వచ్చినవారిని మొదటి రోజుల్లోనే లేపి చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. చుట్టూ ఉన్నవారు ఇది ప్రమాదం అన్నారు. కూర్చున్నవారికి నష్టం జరగలేదు. 1952లో ఆ సంగతిని రాసి ప్రకటించారు. కుర్చీలో కూర్చోబెట్టడం! ఈనాడు అది చాలా చిన్న సంగతిగా కనబడుతుంది. ఆనాడు దానికి ధైర్యం కావలసి వచ్చింది. అయినా గుండె బలహీనత ఉన్నవారికి వ్యాయామం మంచిదని డాక్టర్లు గట్టిగా చెప్పడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

పడుకుంటే ఒంటికి ఏమవుతుందో చూడడానికి అమెరికాలోనే మరో పరీక్ష చేశారు. 2007లో దాని ఫలితం వచ్చింది. జబ్బు ఏమీ లేని 12 మంది పెద్దవాళ్ళను తీసుకున్నారు. వారిని పది రోజులు మంచం మీదే ఉంచారు. మంచి తిండి పెట్టారు. పది రోజుల తరువాత చూస్తే ఒక్కొక్కరి కాళ్ళలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. జబ్బు లేనివారికే పది రోజుల్లో ఇంత నష్టం. జబ్బు మనిషి, మూడు వారాలు పడుకుంటే?

అవ్వ కూలబడడానికి కారణం అది.

కండ కరిగితే గుండెకు కూడా చేటే. పిక్కలోని కండ బిగిసినప్పుడల్లా కాళ్ళలోని నెత్తురును పైకి తోస్తుంది. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. మనిషి నడవకపోతే ఆ రెండో గుండె పని మానేస్తుంది. అసలు గుండె మీద బరువు పడుతుంది. కండ చేవ చచ్చాక చిన్న పనికే ఆయాసం వస్తుంది. ఆయాసం వస్తుందని ఇంకా పడుకుంటారు. పడుకుంటే కండ ఇంకా కరుగుతుంది.

కదిలితే గుండె బాగుపడుతుందా?

దీనికి ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పుకోవాలి. వ్యాయామం ఈ జబ్బును మాన్పదు. మాత్రలకు బదులు పనికిరాదు. దాని మేలు వేరే చోట ఉంది.

మోటారు పాతదైపోయింది. కొత్తది కొనలేం. కానీ కాలువలో పూడిక తీయవచ్చు. గట్లు సరిచేయవచ్చు. అప్పుడు అదే మోటారు, అవే నీళ్ళు, కానీ చివరి మడి దాకా అందుతాయి. వ్యాయామం చేసేది ఈ పనే. నెత్తురు గొట్టాలు బిగువు తగ్గి మెత్తబడతాయి. కాళ్ళ కండలు, వచ్చిన కాస్త నెత్తురులోంచే ఎక్కువ ప్రాణవాయువును తీసుకోవడం నేర్చుకుంటాయి. అదే దూరం నడవడానికి గుండెను తక్కువ అడుగుతాయి. అందుకని ఆయాసం తగ్గుతుంది.

2009లో ఒక పెద్ద పరిశీలన ఫలితం వచ్చింది. అమెరికా, కెనడా, ఫ్రాన్స్ దేశాలలో 2,331 మంది అందులో పాల్గొన్నారు. అందరివీ తోసే బలం తగ్గిన గుండెలు. సగం మందికి నడక, సైకిలు వ్యాయామం నేర్పారు. సగం మందికి మామూలు వైద్యం ఇచ్చారు. వ్యాయామం చేసినవారికి దానివల్ల ముప్పు పెరగలేదు. రోజువారీ బతుకు కొంత మెరుగుపడింది. ప్రాణం నిలబెట్టడంలో మాత్రం లాభం స్వల్పమే కనబడింది. గట్టిగా చెప్పలేనంత స్వల్పం.

ఆ పరిశీలనలో ఉన్నవారిలో సగం మంది 60 ఏళ్ళ లోపువారే. మరి అవ్వలాంటివారి సంగతి? ముసలివాళ్ళు, ఒళ్ళు చిక్కినవాళ్ళు, నిన్ననే ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళు? వారి కోసం అమెరికాలో ఇంకో పరిశీలన జరిగింది. ఫలితం 2021లో వచ్చింది. 60 ఏళ్ళు దాటిన 349 మంది. సగటు వయసు దాదాపు 73. వీరికి మొదటి రోజే నడక చెప్పలేదు. నిలబడలేని మనిషికి నడక చెప్పి ఏం లాభం? అందుకని నాలుగు సంగతులు నేర్పారు. కాళ్ళలో బలం. పడిపోకుండా నిలదొక్కుకోవడం. కూర్చుని లేవడం, తిరగడం. ఆ పైన, అలసిపోకుండా నడిచే ఓపిక. ఆసుపత్రిలో ఉండగానే మొదలుపెట్టి, ఇంటికి వెళ్ళాక వారానికి మూడుసార్లు, 12 వారాలు చేయించారు.

మూడు నెలల తరువాత అందరికీ పరీక్ష పెట్టారు. కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడగలరా? నాలుగు మీటర్లు ఎంత తొందరగా నడుస్తారు? చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవగలరా? మొత్తం 12 మార్కులు. మామూలు వైద్యం పొందినవారికి సగటున 6.9 మార్కులు వచ్చాయి. వ్యాయామం చేసినవారికి 8.3 వచ్చాయి. ఇది చిన్న తేడాలా కనబడుతుంది. ముసలితనంలో ఇది, ఒకరు పట్టుకుని దొడ్డికి తీసుకుపోవడానికీ తనంతట తాను పోవడానికీ మధ్య ఉన్న తేడా. అయితే మళ్ళీ ఆసుపత్రిలో చేరడం తగ్గలేదు. చావులు కూడా తగ్గలేదు. ఆ మాట దాచకూడదు.

డాక్టరమ్మ ఇదే సంగతి అవ్వతో తన మాటల్లో చెప్పింది. "అవ్వా, ఆయుష్షు పెంచుతానని నేను చెప్పను. ఉన్నన్నాళ్ళూ నీ కాళ్ళ మీద నువ్వు తిరిగేట్టు చూద్దాం."

"అదే చాలు డాక్టరమ్మా. ఒకరి చేత ఎత్తించుకునే బతుకు నాకొద్దు" అంది అవ్వ.

ఎట్లా మొదలుపెట్టాలి?

ముందు డాక్టరును అడగాలి. అడగకుండా మొదలుపెట్టకూడదు. కొందరికి గుండె తలుపు బాగా ఇరుకై ఉంటుంది. కొందరికి గుండె దడ లయ తప్పి ఉంటుంది. వారికి వేరే లెక్క. వాపు, ఆయాసం అదుపులోకి వచ్చాకే వ్యాయామం.

అవ్వ చేత మొదట కూర్చునే చేయించారు. గోడకు ఆనించిన గట్టి కుర్చీ. నులక మంచం పనికిరాదు. అది కిందికి దిగిపోతుంది, లేవడం కష్టం. కుర్చీలో కూర్చుని మడమలు పైకెత్తి దించాలి. ఒక్కో కాలు ముందుకు చాచి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించాలి. రెండు చేతులూ పైకెత్తి దించాలి. ఒక్కొక్కటి ఐదుసార్లు. ఊపిరి బిగపట్టకూడదు. బిగపడితే గుండె మీద ఒత్తిడి పెరుగుతుంది. ఊపిరి బిగపట్టలేదని తెలియాలంటే పైకి వినబడేట్టు లెక్కపెట్టాలి. అవ్వకు లెక్కపెట్టడం మనవడు నేర్పాడు. పది దాకా వచ్చేసరికి ఇద్దరూ నవ్వేవాళ్ళు.

వారం తరువాత కుర్చీలోంచి లేచి నిలబడడం. మొదట చేతులు ఆనించి, తరువాత ఆనించకుండా. మూడుసార్లతో మొదలుపెట్టి పదిసార్ల దాకా. ఇది చూడడానికి ఏమీ కాదు. కానీ అన్నిటిలోకీ ఎక్కువ పనికొచ్చేది ఇదే. బాత్రూములో లేవాలన్నా, బస్సు ఎక్కాలన్నా ఈ బలమే కావాలి. ఆ తరువాత తలుపు కమ్మీ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం. ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడడం. అప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి. ముసలివాళ్ళు పడితే తుంటి విరుగుతుంది. గుండె కోసం పోయి తుంటి విరగ్గొట్టుకోవడం ఎందుకు?

నడక చివర వచ్చింది. మొదటి రోజు మంచం నుంచి గడప దాకా. అక్కడ కూర్చుని అలుపు తీర్చుకుంది. మళ్ళీ వెనక్కి. ఇట్లా రోజుకు మూడు నాలుగు సార్లు. తరువాత ఆగకుండా ఐదు నిమిషాలు. మూడు నాలుగు రోజులకు ఒక నిమిషం పెంచారు. పోనుపోను రోజుకు అరగంట నడక చాలామందికి అందుతుంది. అది ఒక్కసారే అక్కర్లేదు. పదేసి నిమిషాలు మూడుసార్లు నడిచినా అరగంటే. మొదటి ఐదు నిమిషాలూ చివరి ఐదు నిమిషాలూ మెల్లగా నడవాలి. హఠాత్తుగా ఆగిపోకూడదు.

ఎంత జోరుగా నడవాలి? దీనికి గడియారం అక్కర్లేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి. పాట పాడలేకపోయినా ఫర్వాలేదు. మాట తెగిపోతుంటే జోరు ఎక్కువైంది. తగ్గించాలి. నాడి లెక్కపెట్టి చూడడం ఈ జబ్బులో అందరికీ పనికిరాదు. గుండె దడను తగ్గించే మాత్రలు వాడేవారికి ఎంత నడిచినా నాడి అంతగా పెరగదు. మాట పరీక్షే నయం.

పొద్దున చల్లపూట, లేదా సాయంత్రం ఎండ వాలాక నడవాలి. మన ఎండల్లో నడక వద్దే వద్దు. తిన్న వెంటనే వద్దు. గంట, గంటన్నర ఆగాలి. కాలికి జారని చెప్పులు ఉండాలి. నీటి మాత్ర వేసుకుంటే కొన్ని గంటలపాటు మూత్రం ఎక్కువగా వస్తుంది. నడకలో ఇబ్బంది అని కొందరు ఆడవాళ్ళు ఆ మాత్రే మానేస్తారు. అది చాలా ప్రమాదం. మాత్ర మానకుండా నడక వేళ మార్చుకోవాలి. మాత్ర వేళ మార్చాలంటే డాక్టరును అడగాలి.

ఇంకో సంగతి. నడక మొదలుపెట్టాక మోకాళ్ళు నొప్పి పుడతాయి. అంగట్లో నొప్పి మాత్ర అడిగి వేసుకోవడం అందరికీ అలవాటే. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడతాయి. గుండె బలహీనంగా ఉన్నవారికి వాటితో మళ్ళీ ఆయాసం, వాపు రావచ్చు. నొప్పికి ఏం వాడాలో డాక్టరునే అడగాలి. నొప్పి సూది కూడా అంతే. ఉప్పు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఊరగాయ, అప్పడం, ఎండుచేప ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాలుక ఊరుకోదు. అవ్వ కూడా ఒకటి రెండు సార్లు దొంగతనంగా తిన్నది.

ఎప్పుడు ఆపాలి?

నడుస్తుండగా రొమ్ములో నొప్పి, బిగువు వస్తే ఆపాలి. కళ్ళు తిరిగినా, గుండె అదిరినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా ఆపాలి. కూర్చోవాలి. కాసేపటికి తగ్గకపోతే 108కి ఫోను చెయ్యాలి. స్పృహ తప్పితే అసలు ఆగకుండా చెయ్యాలి.

కొన్ని రోజులు అసలు మొదలుపెట్టకూడదు. జ్వరం ఉన్న రోజు. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్న రోజు. రాత్రి దిండ్లు ఎత్తుగా పెట్టుకోవలసి వచ్చిన రోజు. మూడు రోజుల్లో రెండు కిలోలకు పైగా బరువు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. బరువు రోజూ పొద్దున్నే, మూత్రానికి పోయి వచ్చాక, ఏమీ తినకముందు చూసుకోవాలి. ఇంట్లో బరువు యంత్రం లేకపోతే కాళ్ళను చూసుకోవాలి. ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడి నిలిచిందా? కడియం, మెట్టెలు బిగుసుకున్నాయా? ఇవి పైసా ఖర్చు లేని గుర్తులు.

వీధిలో మాట

అవ్వ వీధిలోకి వచ్చిన రోజు మాటలు పడ్డాయి. "చావు తప్పి వచ్చింది, ఈ వయసులో షికార్లేంది?" అంది ఎదురింటామె. "కోడలు పనికి తరుముతున్నట్టుంది" అంది ఇంకొకామె. కోడలికి కళ్ళనీళ్ళు వచ్చాయి. రెండు రోజులు అవ్వను బయటికి రానివ్వలేదు.

ఇటువంటి మాటలు ముసలాయన నడిస్తే ఎవరూ అనరు. మగవాడు పొద్దున్నే టీ కొట్టు దాకా పోయి వస్తే అది ఆరోగ్యం. ఆడమనిషి చేతిలో పని లేకుండా రోడ్డు మీద కనబడితే అది షికారు. బిందెతోనో గంపతోనో నడిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఉత్త చేతులతో నడిస్తేనే కంటికి కనబడుతుంది.

"జీవితమంతా పనే కదా, ఇంకా వ్యాయామం ఎందుకు?" అని అడిగేవారూ ఉన్నారు. మంచి ప్రశ్నే. చేను పనీ ఇంటి పనీ ఒంటికి కదలికే. గట్టిగా ఉన్న మనిషికి అది చాలావరకు సరిపోతుంది. గుండె బలహీనపడ్డాక లెక్క మారుతుంది. నిండు బిందె ఎత్తితే ఊపిరి బిగపట్టక తప్పదు. బరువు మూట కూడా అంతే. అవి గుండెకు దెబ్బ. మెల్లగా, ఒకే తీరుగా, ఊపిరి ఆడుతూ నడవడం వేరు. కోడలు "అత్త నడుస్తోంది కదా" అని బిందె చేతికిస్తే అదీ తప్పే.

నడక వీధిలోనే అవ్వాలని లేదు. బ్రిటన్‌లో 216 మంది గుండె బలహీనత ఉన్నవారిని తీసుకుని, వారిలో దాదాపు సగం మందికి ఇంటి దగ్గరే 12 వారాలు నేర్పారు. కొందరు నడిచారు. కొందరు కుర్చీలో కూర్చునే వ్యాయామం చేశారు. ఇంట్లోవారిని కూడా అందులో కలిపారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం వారి బతుకు మెరుగైంది. ఆసుపత్రి దూరమైన ఊళ్ళకు ఇది మంచి కబురు. వరండా ఉన్నా చాలు. దొడ్డి ఉన్నా చాలు.

డాక్టరమ్మ మాట ప్రకారం ఆశా కార్యకర్త ఒకరోజు ఇంటికి వచ్చింది. ఎదురింటామె వినేట్టుగానే చెప్పింది. "ఇది డాక్టరు రాసిన మందు. మాత్రల్లాగే ఇదీ మందే." ఎదురింటామె ఏమీ అనలేదు. ఆమెకూ బి.పి. ఉంది. నాలుగో రోజు నుంచి ఆమె కూడా అవ్వతో వేపచెట్టు దాకా నడిచింది. నడుస్తూ మాట్లాడగలగాలి కదా, ఆ పరీక్షకు ఆమె బాగా పనికొచ్చింది.

వర్షాకాలంలో అవ్వకు మళ్ళీ జ్వరం, దగ్గు వచ్చాయి. కాళ్ళు వాచాయి. ఈసారి కోడలు ఆలస్యం చెయ్యలేదు. ఆమె రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. ఒక నోటుపుస్తకంలో రోజూ అత్త బరువు, నడక రాసి పెట్టింది. మూడు రోజుల్లో 51 కిలోలు 53న్నర అయిన సంగతి అందులో ఉంది. ఆ పుస్తకం తీసుకుని అదే పూట డాక్టరమ్మ దగ్గరికి పోయారు. డాక్టరమ్మ నీటి మాత్ర పెంచింది. పది రోజులు నడక ఆపించింది. కానీ మంచం మీద పడుకోనివ్వలేదు. కుర్చీలో కూర్చోబెట్టమంది.

పది రోజుల తరువాత అవ్వ మళ్ళీ మొదటికి వచ్చింది. ఆపిన చోటునుంచి మొదలుపెట్టకూడదు. మడమలు ఎత్తి దించడం, కుర్చీలోంచి లేవడం, గడప దాకా నడక. "మళ్ళీ ఒకటో తరగతా?" అని అవ్వ విసుక్కుంది.

ఆ వారం నోటుపుస్తకంలో కోడలు ఇట్లా రాసింది. "సోమవారం. బరువు 51. కాలు నొక్కితే గుంట లేదు. గడప దాకా 3 సార్లు. మంగళవారం. బరువు 51. గడప దాకా 4 సార్లు. బుధవారం. బరువు 51. అత్త నన్ను అడగకుండానే లేచి, దొడ్లోకి పోయి కరివేపాకు కోసుకొచ్చింది."